అంతస్తు అంతస్తుకీ ఆగే గడియారం

డైవింగ్ సామాన్లు అమ్మే బాబుగారికి,

ఆసుపత్రిలో లిఫ్టు నడిపే ఆవిడ నమస్కారం పెట్టి రాస్తున్న సంగతి.

మా అబ్బాయి సంచి మీద మీ కొట్టు చిరునామా ఉంది. వాడు ఇప్పుడు లేడు. సముద్రం అడుగున పనికి వెళ్ళి, పైకొచ్చి, పడవలోనే పోయాడు. ఫోన్ చేద్దామంటే వాడి మాట దాకా వచ్చి పెట్టేస్తాను. అందుకే ఉత్తరం. నా చదువు కొంచెమే, తప్పులుంటే సర్దుకోండి.

ఇప్పుడు మా అమ్మాయీ అదే పని పట్టింది. మునిగిన ఓడ కొలతలు తీయడానికి వచ్చే నెల బాగా లోతుకి దిగుతుందట. నీళ్ళలో లోతూ వేళా చూపించే అన్న పాత కంప్యూటరే చేతికి కట్టుకుంటానంటుంది. వాడు లోపల ఉండగా ఆరిపోయింది అదే! మంచిది కొనిస్తే పాతది విప్పేస్తుందని నా ఆశ.

అక్షరాలు పెద్దగా ఉండాలి. గట్టిగా అరవాలి. ముఖ్యంగా, ప్రమాదమొస్తే "ఉన్నపళంగా పైకి రా" అని చెప్పాలి.

ఇట్లు,
లిఫ్టమ్మ (అందరూ అలాగే పిలుస్తారు)

తా.క. చేతికి కట్టుకునేదానికి కంప్యూటర్ అని పేరెందుకు పెట్టారు? మా ఆసుపత్రి బిల్లుల కంప్యూటర్ పూటకోసారి చచ్చి లేస్తుంది. ఆ రకం వద్దు.

*

లిఫ్టమ్మగారికి,

కొట్టువాడి నమస్కారాలు. మీ ఉత్తరం చదివాక చాలాసేపు బేరాలు చూడలేకపోయాను.

అంత లోతు నుంచి వచ్చే మనిషికి "ఉన్నపళంగా పైకి రా" అని చెప్పే కంప్యూటర్ నా దగ్గర లేదు. ఉన్నా అమ్మను. పైకి వచ్చే దారిలో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పేదే మంచిది. సిలిండర్ మారిస్తే ఆ గాలికి తగ్గట్టు లెక్క మార్చుకోవాలి. చీకట్లో తెర కనబడాలి. ఎంత జాగ్రత్త కావాలో మనమే పెట్టుకునే వీలుండాలి. ఇవన్నీ ఉన్న నల్లది ఒకటి పక్కన పెట్టాను.

ఇంకో మాట. ఒకటి చాలదు. రెండు కావాలి.

ఇట్లు,
మీ కొట్టువాడు

తా.క. అరిచేదాని కన్నా చేతి మీద వణికేది మేలు. నల్లదానికి ఆ వణుకు ఉంది.

*

బాబూ,

ఈసారి "గారు" పెట్టలేదు. కావాలనే.

రెండా? నా పిల్లకున్నది ఒక్క ప్రాణమే కదయ్యా! కడుపుకోతతో వచ్చినదాని దగ్గరా నీ బేరం?

పైగా ఆగమని చెప్పే కంప్యూటరా? నీళ్ళలో ఎవరైనా ఆగుతారా? నా లిఫ్టు మొన్న అంతస్తుల మధ్య కాసేపు ఆగింది. ఒక పెద్దాయన గోడకానుకుని ఆస్తి పంపకాలు చెప్పడం మొదలుపెట్టాడు. అలా మధ్యలో ఇరుక్కునే లిఫ్టుని నా కూతురి చేతికి కడతావా?

మావాడు కింద ఎక్కువసేపు ఉండిపోయే పోయాడు. పైన ఏం జరిగిందో పడవవాళ్ళు చెప్పారు. తెర ఆరిపోగానే తిన్నగా పైకొచ్చేశాడట. నవ్వుతూనే పడవెక్కాడట. మోచేతులు నొప్పి అన్నాడట. కాసేపటికి... ఇక రాయలేను. ఇంకాస్త ముందొచ్చుంటే బతికేవాడు. రోజూ అదే అనుకుంటాను.

కోపంతో,
లిఫ్టమ్మ

తా.క. వణికేది అక్కర్లేదు. వణకడానికి ఇంట్లో నేనున్నాను.

*

అమ్మా,

ఇది రాయాలా వద్దా అని రెండు కాయితాలు చింపాను. అబ్బాయి ఆలస్యంగా రాలేదమ్మా. తొందరగా వచ్చేశాడు.

లోతులో పీల్చిన గాలి ఒంట్లోకి ఇంకిపోతుంది. సోడా సీసా మూత ఒక్కసారిగా లాగితే ఎలా పొంగుతుంది? మెల్లగా తిప్పితే ఎలా సద్దుమణుగుతుంది? మనిషి ఒళ్ళూ అంతే. అందుకే మూడేసి మీటర్లకోసారి ఆగాలి. మీ లెక్కలో ఒక్కో అంతస్తు. పైకొచ్చేకొద్దీ ఇంకా ఎక్కువసేపు ఆగాలి.

తెర ఆరిపోయాక ఎక్కడ ఆగాలో చెప్పే రెండోది అబ్బాయి చేతికి లేదు. రెండు కావాలన్నది అందుకే. నా దగ్గరే కొననక్కర్లేదు, కానీ కొనండి.

మీ కొట్టువాడు

తా.క. మీరు ఎంత తిట్టినా సరే, జవాబు మాత్రం రాయండి.

*

బాబుగారికి,

"గారు" మళ్ళీ పెట్టాను, చూసుకోండి.

మీ ఉత్తరం లిఫ్టులోనే చదివాను. ఎవరు ఏ అంతస్తు అడిగారో వినబడలేదు. కాన్పుల వార్డుకి పరిగెత్తే ఆయన్ని పళ్ళ డాక్టరు దగ్గర దించేశాను.

తొందరగా వచ్చాడా! చిన్నప్పటి నుంచీ అంతే. మెట్లు మూడేసి దూకుతూ వచ్చి, చెప్పులు విప్పకుండానే "అమ్మా" అనేవాడు. కింద ఏం పనిరా నీకు అని ఇన్నాళ్ళూ వాణ్ణే తిట్టుకున్నాను. వాడేమో పరిగెత్తుకొస్తున్నాడు.

రెండూ పంపండి. జాగ్రత్త మనమే పెట్టుకోవచ్చన్నారే, అదెక్కడ నొక్కాలి?

ఇట్లు,
లిఫ్టమ్మ

తా.క. ఊరికే అడిగాను.

*

అమ్మా,

రెండూ పంపాను. కింది బటన్ నొక్కి పట్టుకుంటే తక్కువ, మధ్యరకం, ఎక్కువ అని వస్తాయి. "ఎక్కువ" పెడితే ఒక్కో అంతస్తులో ఇంకా ఎక్కువసేపు ఆపుతుంది. సిలిండర్లో గాలి ఎంతుందో చూసుకుని అది అమ్మాయే పెట్టుకోవాలి. మీరు ముట్టుకోకండి.

మీ కొట్టువాడు

తా.క. నిజంగానే ముట్టుకోకండి.

*

బాబుగారికి,

ముట్టుకున్నాను.

ఒక్కదాన్నే. కుడి చేతికి కట్టుకోమన్నదాన్ని "ఎక్కువ"లో పెట్టి ఏమీ ఎరగనట్టు డబ్బాలో పెట్టేశాను. తర్వాత గాలి సంగతి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. దిగే రోజు పొద్దున్నే పోరుపెట్టి నేనూ పడవెక్కాను. పడవ పెద్దాయన్ని పట్టుకుని, "పిల్ల పట్టుకుని ఎక్కే తాడుకి అదనంగా ఒక సిలిండర్ వేలాడదియ్యి నాయనా" అని అతను విసుక్కునేదాకా బతిమాలాను. వేలాడదీశాడు.

రావాల్సిన వేళ దాటింది. పిల్ల రాలేదు. పెద్దాయన గడియారం వంక చూశాడు. ఒకడు దూకడానికి చొక్కా విప్పాడు. ఇంకొకడు "తాడు లాగేద్దాం!" అన్నాడు. నేను వెళ్ళి ఆ తాడు మీద కూర్చున్నాను. నా బరువంతా వేసి.

"లేవమ్మా, పిల్ల చచ్చిపోతుంది!"

"బుడగలు వస్తున్నాయి. మూడో అంతస్తులో ఆగిందంతే. ఎవరూ ముట్టుకోవద్దు."

"ఈవిడకి మతిపోయింది!"

పోయిన మాట నిజమే బాబూ. నోరు రెండో అంతస్తు, ఒకటో అంతస్తు అంటోంది గానీ, గుండె మాత్రం ఆ తాడుకే వేలాడుతోంది.

అంతలో తల పైకొచ్చింది. నోట్లో గొట్టం తీసీతీయగానే, "అమ్మా! దీన్ని నొక్కింది నువ్వేనా?" అంది.

కొడదామని చెయ్యెత్తాను. అప్పుడు కనబడింది. ఎడమ చేతికి కొత్తది లేదు, అన్న పాతదే ఉంది! నాకు తెలియకుండా కట్టుకుంది. అడుగునే మళ్ళీ ఆరిపోయిందట. ఇక కుడిచేతిదే దిక్కయింది. అది వదిలేదాకా అంతస్తు అంతస్తుకీ ఆగుతూ వచ్చింది. వేలాడదీసిన సిలిండర్ కూడా వాడిందట. "ఈ కొత్తది లేకపోతే నేనూ అన్నలాగే వచ్చేసేదాన్నమ్మా" అంది. ఇద్దరం దొంగలమే. ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం.

మీరు చల్లగా ఉండాలి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి,
లిఫ్టమ్మ

తా.క. పిల్ల ఇప్పుడు కొత్తవి రెండూ కట్టుకుంటోంది. పాతది నా చేతికొచ్చింది. నీళ్ళలో అలుగుతుంది గానీ పైన బాగానే వెలుగుతుంది. పై అంతస్తు దాకా తీసుకెళ్ళినా లోతు సున్నా అనే చూపిస్తుంది. అది చూసినప్పుడల్లా "పైకొచ్చేశావా నాన్నా" అంటాను. లిఫ్టులోవాళ్ళు తమనే అనుకుని, "వచ్చేశామమ్మా" అంటారు.