తొరీ ద్వారానికి ఇవతల

నవంబరు 16

సుజుయోకి, అక్క ముద్దులతో,

నిన్న నీ మనసు కష్టపెట్టాను. నీ చిట్టితల్లి నావోకి ఏడేళ్ళ పండగని ముచ్చటగా కిమోనో కట్టి కొండ గుడికి తెచ్చావు. నేనేమో కింద మెట్ల మొదట్లోని తొరీ ద్వారం దగ్గరే కూలబడ్డాను. "మోకాలు నొప్పా? పొద్దున బస్సు కోసం పరిగెత్తినప్పుడు ఎక్కడికి పోయిందక్కా ఈ నొప్పి?" అని అందరి ముందూ దెప్పావు. నువ్వన్నది నిజమే. నా మోకాలు శుభ్రంగా ఉంది.

గురువారం నాకొక కార్డు వచ్చింది. "అక్టోబరు ఇరవైన మా తమ్ముడు హిసానోబు మరణించినందున ఈసారి కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు పంపలేకపోతున్నాము" అని అచ్చు వేయించిన కార్డు. కింద తోమి వదిన పేరు. తోఫు కొట్టు ఆయనకీ, పళ్ళ డాక్టరుకీ, నాకూ అదే కార్డు. ఇలాంటి కార్డు బయటివాళ్ళకే కదా, ఇంట్లో మనిషికి ఎవరైనా వేస్తారా? అందుకే చదివి సొరుగులో పెట్టేశాను, నాకేం కాలేదనుకున్నాను. తీరా నిన్న ఆ ఎర్ర ద్వారం ముందుకు రాగానే కాళ్ళు ఆగిపోయాయి. ఇంట్లో చావు జరిగితే యాభై రోజులు తొరీ దాటకూడదు కదా. మరి అది నా ఇల్లేనా? విడాకులై పదకొండేళ్ళు. నాకు మైల ఉండి లోపలికొస్తే పండగ పిల్లకి కీడు. లేకపోతే ఊరికే మీ సంబరం పాడుచేసినదాన్ని. ఏదీ తేల్చుకోలేక మోకాలి మీదికి నెట్టేశాను.

మీరు వరుసగా ఆ ఎర్ర ద్వారాల కింద నుంచి పైకి వెళ్ళిపోయారు. దేవదారు చెట్ల మధ్య నుంచి సముద్రం తళతళలాడుతోంది. పూజారి ఆకులు ఊడుస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"మెట్లెక్కలేకపోతున్నారామ్మా? వెనకాల కారు దారుంది."

"అది కాదయ్యా. మనిషి పోతే మైల ఎవరెవరికి ఉంటుంది?"

"పోయినాయన మీకేమవుతాడు?"

భర్త అంటే అబద్ధం. ఏమీ కాడంటే ఇంకా పెద్ద అబద్ధం. "తెలీదండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. "తెలిశాకే రండమ్మా, దేవుడెక్కడికీ పోడు" అని మళ్ళీ చీపురు అందుకున్నాడు.

నీకెప్పుడూ చెప్పని సంగతి చెబుతున్నాను. మేం విడిపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. ఒకరోజు భోజనం దగ్గర "నువ్వున్నా లేకపోయినా నాకేం తేడా" అన్నాడు. తేడా ఏమిటో చూపిద్దామని ఇల్లు వదిలొచ్చాను. రెండు నెలల్లో పిలుస్తాడనుకుంటే, తన ముద్ర వేసిన విడాకుల కాగితం పంపాడు. రోషం కొద్దీ నేనూ ముద్ర వేసేశాను. ఆ తర్వాత కూడా పిలుస్తాడేమోనని ఎదురుచూస్తూనే ఉన్నాను, మొన్న గురువారం దాకా. ఇప్పుడు నేనెవరిని సుజుయో? నువ్వే చెప్పు.

నీ అక్క
మినేకో


డిసెంబరు 3

సుజుయో తల్లీ,

"విడిపోయినవాళ్ళకి మైలేంటక్కా, పిచ్చి పట్టిందా? ఈ ఆదివారం రా, మళ్ళీ గుడికి వెళ్దాం" అని రాశావు. నీ మాటే సబబనిపించి, ముందుగా ఒక్కదాన్నే గుడికి వెళ్ళి చూశాను. ద్వారం ముందు కాలెత్తాను కానీ అవతల పెట్టలేకపోయాను. దేవుడి భయం కాదు. ఆ మైల నాకు కావాలి. అతని తాలూకు నాకు మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా ఎందుకు వదులుకోవాలి?

తిన్నగా అచ్చు కొట్టుకి వెళ్ళి పదిహేను కార్డులు వేయించాను. "అక్టోబరు ఇరవైన నా భర్త హిసానోబు మరణించినందున" అని. నీ కార్డు ఈ కవర్లోనే ఉంది. తిట్టుకో, ఫరవాలేదు. అన్నిటికన్నా ముందు పోస్టు చేసింది తోమి వదినకి. ఎందుకు చేశానో అడక్కు, కోపమో ఏడుపో నాకే తెలియలేదు. ఇవాళ పొద్దున ఫోను మోగింది.

"ఏమే మినేకో! నా తమ్ముడు పోయాడని నాకే కబురు పంపుతావా? సిగ్గు లేదూ?"

"లేదు వదినా."

"భర్త అని ఏ హక్కుతో వేయించావ్?"

"తెలీదు వదినా."

ఫోను పెట్టేసిందనుకున్నాను.

"వాడూ ఇంతే" అంది చివరికి, గొంతు తగ్గించి. "ఆ పిల్లని పిలుచుకో అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఎందుకు పిలవవురా అంటే, తెలీదక్కా అనేవాడు. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు."

అవతల వదిన ముక్కు చీదుకుంది.

"ఆదివారం వాడి నలభై తొమ్మిదో రోజు కర్మ. పదకొండింటికి భిక్షువు గారూ, చుట్టాలూ వస్తారు. నల్లబట్టలున్నాయా?"

"ఉన్నాయి వదినా."

"అయితే తొమ్మిదికల్లా వచ్చెయ్. వంటింట్లో నేనొక్కదాన్నే."

ఫోను పెట్టేసి వెక్కివెక్కి ఏడ్చాను. నావోకి చెప్పు, పెద్దమ్మకి ఈ ఆదివారం తీరదని. చుట్టాలకి పదకొండు గంటలకట, నేను తొమ్మిదికే ఉండాలి.

నీ అక్క
మినేకో