పసుపు పెట్టిన గౌన్లు

నవంబరు, శనివారం రాత్రి
ధవళేశ్వరం

నడుము విరిగిపోతోంది. పొద్దున్నుంచీ రాజమండ్రి క్లబ్బు హాల్లో నేలమీద కూర్చుని, ఆఫ్రికా పిల్లలకు పంపే గిఫ్టు పెట్టెలు సర్దాను. ఒక్కోదాంట్లో సబ్బు, పెన్సిళ్లు, ఒక బొమ్మ, ఒక కొత్త గౌను. గౌన్లన్నీ మా అత్తయ్యగారు కుట్టినవే.

పెట్టెలు సరిచూసే సరోజినిగారు ఒక గౌను విప్పి, "మరకలున్నవి పంపకూడదండి," అన్నారు. మరక కాదండీ, కొత్త బట్ట అని అత్తయ్యగారు అంచుకి పసుపు పెట్టారు, అన్నాను.

"మనకి తెలుసండి. వాళ్లకి తెలీదు కదా, వాడేసినవి పంపారనుకోరూ?"

ఆవిడన్నదీ నిజమే. గౌన్లన్నీ మూటకట్టి తెచ్చేశాను.

తెలిస్తే అత్తయ్యగారు నొచ్చుకుంటారని, చీకటి పడ్డాక చప్పుడు చేయకుండా నూతి దగ్గర ఉతకబోయాను. సబ్బు పెడితే పసుపు ఎర్రబడుతుందని నాకు తెలీదా? ఒళ్లు అలిసిపోతే బుర్ర కూడా పనిచేయదు. ఇప్పుడు నిజంగానే మరకలయ్యాయి. ఎండలో వేస్తే పోతాయి గానీ, రెండు రోజులుగా ముసురు. సోమవారం పొద్దున్నే వ్యాను వెళ్లిపోతుంది.

ఇంతలో అత్తయ్యగారే వచ్చారు. ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ తడి గౌన్లు తీసుకుని వసారాలో ఆరేస్తూ, "అయితే అక్కడ కొత్తబట్టకి ఏం పెడతారే?" అని అడిగారు.

తెలీదండీ, అన్నాను.

"ఏదో ఒకటి పెడతార్లే. ఏమీ పెట్టకుండా పిల్లకి ఎవరు తొడుగుతారు?"