స్లావాకి పిలిచినవాడు

అక్టోబర్ 18, శనివారం, సాయంత్రం

నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నాను. ఎవరూ చదవరు కాబట్టి తప్పులున్నా ఫర్వాలేదు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. రాయడం సరిగ్గా రాదు. కానీ నాకు మాట్లాడటం కన్నా ఇదే నయం.

ఇవాళ పెదనాన్న ల్యుబిషా నోవీసాద్ సిటీ నుంచి వచ్చాడు. కాఫీ తాగుతూ గోడ మీది సెయింట్ లూకా పటాన్నే చూశాడు. 31న స్లావా. మా ఇంటి సెయింట్ పండగ. తాతయ్య తనాసియే పోయి ఏడాది దాటింది. పోయినసారి చావు మైల, నల్లబట్టలు కదా, రొట్టె కోసి తలుపు వేసేశాం. ఈసారి తలుపు తియ్యాలి.

అమ్మా, ఎవరొస్తారే అన్నాడు పెదనాన్న. వచ్చినా వాళ్లని పలకరించేదెవరు, వీడా, వీడు పోస్ట్‌మ్యాన్‌ని చూస్తేనే కొట్టంలో దాక్కుంటాడు అన్నాడు. నానమ్మ లాతింక ఊరుకోలేదు. దాక్కోలేదురా, కుక్కని కట్టెయ్యడానికి వెళ్లాడు అంది.

అబద్ధం. దాక్కున్నాను.

పెదనాన్న చివరికి తేల్చేశాడు. ఈసారికి ఇక్కడే చేద్దాం, ఇల్లు బోసిగా ఉంటే మాత్రం పటం నేను పట్టుకెళ్తాను, ఇకనుంచి స్లావా నా ఫ్లాట్‌లో, రెల్యా కూడా వచ్చి భోంచేసి వెళ్తాడులే అన్నాడు.

రెల్యా అంటే నేను. నా ఇంటి స్లావాకి నేను అతిథినట.

అక్టోబర్ 19

నిద్ర పట్టలేదు.

నాకు నాలుగేళ్లప్పుడు నాన్న పోయాడు. అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుని సుబోటిత్సాలో ఉంది. నన్ను పెంచింది తాతయ్య, నానమ్మ. జ్వరం వస్తే ఆ పటం కిందే పడుకోబెట్టేవాళ్లు. అది వెళ్లిపోతే గోడ మీద తెల్లటి చతురస్రం మిగులుతుంది. ఇవాళ దాన్ని కొంచెం జరిపి చూశాను. నిజంగానే ఉంది, తెల్లగా.

అక్టోబర్ 20, మధ్యాహ్నం

ద్రాక్షతోటలో తీగలు కడుతుంటే తట్టింది.

తాతయ్య ఏటా స్లావాకి వారం ముందు కారు తీసేవాడు. పొద్దున్నే గ్ర్‌గెతెగ్ మఠం. తర్వాత క్రుషెదోల్. అక్కణ్నుంచి కొండ దిగి కార్లోవ్‌త్సీ టౌను. వచ్చేటప్పుడు హోపోవో మఠం. పక్కసీట్లో నేను. పన్నెండేళ్లలో ఒక్కసారీ దిగలేదు. అద్దంలోంచి చూసేవాణ్ని. తాతయ్య టోపీ తీసి ఎవరి చెయ్యో పట్టుకుని ఏదో చెప్పేవాడు, ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. సరిగ్గా వారానికి ఆ మనుషులే మా బల్ల చుట్టూ ఉండేవాళ్లు.

అంటే పిలవడానికే వెళ్లేవాడన్నమాట. ఊళ్లోవాళ్లు పిలవకుండానే వస్తారు. దూరంవాళ్లని పిలవాలి కాబోలు.

ఈసారి ఎవరు పిలుస్తారు? కారు పెదనాన్న దగ్గరుంది. కొట్టంలో మోపెడ్ ఉంది.

అక్టోబర్ 22

అద్దం ముందు నిలబడి ముప్పైసార్లు చెప్పాను. ముప్పై ఒకటోసారికి కుక్క లేచి వెళ్లిపోయింది.

అక్టోబర్ 25, శనివారం, ఉదయం 6:50

నానమ్మకి పుట్టగొడుగుల కోసమని చెప్పాను. బుట్ట కూడా ఇచ్చింది. బుట్టతో ఎలా పిలవాలి?

8:40, గ్ర్‌గెతెగ్

ఒకటయింది!

బెల్‌గ్రేడ్ నుంచి ఒక టూర్ బస్సు వచ్చి ఉంది. అందరూ రిటైరైనవాళ్లే. వాళ్ల వెనక దాక్కుని లోపలికి వెళ్లాను. ఎర్రటోపీ పెట్టుకున్న ఒకావిడ నన్ను తమ బస్సు అబ్బాయే అనుకుంది. బాబూ చలికి వణుకుతున్నావు, ఇది తిను అని శాండ్‌విచ్ చేతిలో పెట్టింది. కాదని చెప్పలేక తినేశాను.

కొవ్వొత్తులమ్మే చోట ఫాదర్ పైసియే ఉన్నాడు. ఆయన తేనెటీగలు కూడా పెంచుతాడు. ముగ్గురిని నా ముందుకి పంపించి నాలుగోవాడిగా నిలబడ్డాను. తర్వాత కళ్లు మూసుకుని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నేను రెల్యాని, నెరాదిన్ నుంచి, తనాసియే మనవణ్ని, 31న మా స్లావా, మీరు రావాలి.

ఫాదర్ కొవ్వొత్తి కట్ట కింద పెట్టాడు. నువ్వు నన్ను స్లావాకి పిలుస్తున్నావా అన్నాడు. అవును ఫాదర్ అన్నాను. పిలుస్తున్నావు అన్నాడు మళ్లీ. అవును అన్నాను. ఆయన గడ్డం కదిలింది. దేవుడు నీకు ధైర్యం ఇచ్చాడు నాయనా, మిగతాది కూడా మెల్లిగా ఇస్తాడులే అన్నాడు.

మిగతాది అంటే ఏంటో అడగలేదు.

10:30, క్రుషెదోల్

మఠం దాటాక పెర్సీద వైన్ సెల్లార్. తాతయ్య ఇక్కడే అందరికన్నా ఎక్కువసేపు ఉండేవాడు. కొత్త వైన్ పీపాల్లో బుసబుసమంటోంది. పెర్సీద చేతులు మోచేతుల దాకా ఊదారంగు.

చెప్పాను. ఈసారి కళ్లు తెరిచే చెప్పాను.

ఆమె గరాటు వదిలేసి నవ్వింది. పిలవడమేంట్రా, ఇదేమైనా పెళ్లా అంది. లోపల ఉన్న మొగుణ్ని కేకేసింది. ఏవయ్యోయ్, ఇలా రా, నిన్ను స్లావాకి పిలవడానికి మనిషొచ్చాడు అంది. ఆయన వచ్చి నన్ను చూసి, బుట్టని చూసి, లోపలికెళ్లిపోయాడు. లోపల్నుంచి కూడా నవ్వు వినిపించింది.

మామూలుగా అయితే పారిపోయేవాణ్ని. ఎందుకో పోలేదు. సరిగ్గా వినపడలేదేమోనని గట్టిగా మళ్లీ చెప్పాను. పెర్సీద ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. వస్తానురా, కాలు విరిగినా కుంటుతూ వస్తాను, దీన్ని చూడకుండా చావను అంది.

రెండయింది. నాకు నచ్చుతోంది ఈ పని.

1:15, కార్లోవ్‌త్సీ

నాలుగు సింహాల ఫౌంటెన్ దగ్గర నలభై నిమిషాల నుంచి కూర్చున్నాను. స్కూలు పిల్లలు గుంపుగా వెళ్తున్నారు. నా వయసువాళ్లే. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరికీ భయం లేదు. పక్క వీధిలో కుమ్ జివాన్ ఇల్లు. కుమ్ అంటే జ్ఞానతండ్రి, నా బాప్తిస్మంలో నన్ను ఎత్తుకుని పేరు పెట్టింది ఆయనే. మావాళ్లలో పైన దేవుడు, భూమ్మీద కుమ్ అంటారు. అందుకే ఆయన్ని పిలవాలంటేనే అందరికన్నా ఎక్కువ భయం.

ఇప్పుడు వెళ్తాను.

1:50

కోప్పడ్డాడు.

తలుపు తీయగానే బుగ్గల మీద ముద్దు పెట్టుకున్నాడు. మూడుసార్లు. కూర్చోమని బెర్మెత్ సీసా తీశాడు. తియ్యటి వైన్, వాళ్ల తాత చెప్పిన మూలికలతో ఆయనే చేస్తాడు. గ్లాసులో పోయబోతుంటే నేను నా మాట మొదలుపెట్టాను. స్లావా, 31, మీరు రావాలి.

సీసా మూత పెట్టేశాడు.

ఎవర్ని పిలుస్తున్నావురా అన్నాడు. మిమ్మల్నే కుమ్ అన్నాను. నేను మీ ఇంటికి పిలిస్తే వచ్చేవాణ్నా, ఇన్నేళ్లూ నన్ను ఎవరనుకున్నారు మీరు, కరెంటు బిల్లు తెచ్చేవాడినా అన్నాడు. గొంతు వణికింది. నాది కాదు, ఆయనది. నేను లేచి వచ్చేశాను. ఆయన గుమ్మం దాకా రాలేదు.

ఏం తప్పు చేశానో తెలియదు. బ్యాటరీ 31%.

4:20, హోపోవో

తెలిసింది.

కొండ ఎక్కలేక మోపెడ్‌ని సగం దారి తోసుకొచ్చాను. మఠం గోడ పక్కన అదే బెల్‌గ్రేడ్ బస్సు ఉంది. మెట్ల మీద ఎర్రటోపీ ఆవిడ, కాళ్లు నొప్పులని బూట్లు విప్పి కూర్చుంది. నువ్వు మా బస్సు అబ్బాయివి కావా, మోపెడ్ మీద తిరుగుతున్నావేంటి అంది. ఏడుపు ఆపుకోవడానికి ఏదో ఒకటి చెప్పాలి కదా. అంతా చెప్పేశాను. పటం, పెదనాన్న, నలుగురిని పిలవడం, కుమ్. ఒక మనిషితో ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి.

ఆవిడ బూట్లు వేసుకోవడం ఆపేసింది. ఒరేయ్ కన్నా, స్లావాకి ఎవరూ ఎవర్నీ పిలవరు కదరా అంది. తెలిసినవాడు వస్తాడు, అంతే, పిలిచావంటే నువ్వు పరాయివాడివి అన్నట్టే అంది.

అందుకా ఫాదర్ గడ్డం కదిలింది. అందుకా పెర్సీద కళ్లు తుడుచుకుంది.

చెవులు కాలిపోతున్నాయి. అయినా హోపోవో మిగిలింది. తోటమాలి గవ్రా అక్కడే ఆకులు ఊడుస్తున్నాడు. తప్పని తెలిసీ వెళ్లి పిలిచాను. ముగ్గుర్ని పిలిచి నాలుగోవాణ్ని వదిలేస్తే అది ఇంకా పెద్ద తప్పనిపించింది.

గవ్రా చీపురు మీద చెయ్యి పెట్టి ఆలోచించాడు. ఏడాదైంది, ఈసారి మీ తలుపు తీస్తున్నారో లేదో తెలీక ఉన్నాను, మంచి పని చేశావు అన్నాడు. నవ్వలేదు.

6:30, ఇల్లు

నానమ్మకి నిజం చెప్పాను. పుట్టగొడుగులు ఒక్కటీ లేవు కదా, ఎలాగూ చెప్పాలి.

మరి తాతయ్య ఏటా ఎందుకు తిరిగేవాడు అని అడిగాను. ఎందుకేంటి, తాగడానికి అంది. పండగకి ఎవరి వైన్ తేవాలో తేల్చుకోవాలని ప్రతిచోటా ఒక గ్లాసు రుచి చూసేవాడు, మఠాల్లో కూడా వదల్లేదు, వీటన్నిటికీ నిన్ను సాక్షిగా తీసుకెళ్లేవాడు, చూశావా పిల్లాడు ఉన్నాడు నేనేం తాగలేదని నాకు చెప్పడానికి అంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

కుమ్ సంగతి చెప్పగానే నవ్వు ఆగింది. కుమ్‌ని పిలిచావా అంది. చేత్తో మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది.

అక్టోబర్ 27

పెదనాన్న ఫోన్. కుమ్ జివాన్ ఆయనకి చెప్పాడట. ఊరూరా తిరిగి పరువు తీశావు, ఇప్పుడు రావాలనుకున్నవాడు కూడా రాడు అన్నాడు. పటానికి చుట్టడానికి దుప్పటి తెస్తానన్నాడు.

అక్టోబర్ 29

రొట్టెకి ఈస్ట్ కోసం కొట్టుకి వెళ్లాను. లోపల ఆరుగురున్నారు. ఒకడు, ఏం రెల్యా, సన్యాసుల్ని పిలిచావు, నేను కనపడలేదా అన్నాడు. ఇంకొకడు, నన్ను మర్యాదగా కార్డు వేసి పిలిస్తేగానీ రాను అన్నాడు. కొట్టు ఆవిడ, నన్నైతే వీడు పిలవలేదు కాబట్టి నేను దగ్గరిదాన్ని, వస్తున్నాను అంది. అందరూ నవ్వారు.

నేను పారిపోలేదు. ఈస్ట్ రెండు ప్యాకెట్లు అన్నాను. గట్టిగానే అన్నాను.

నానమ్మకి చెబితే, రెండు చాలవు, ఇంకో రెండు పట్రా అంది.

అక్టోబర్ 31, ఉదయం 9:30

కొవ్వొత్తి వెలిగించాను. మా ఊరి ఫాదర్ వచ్చి రొట్టె కోశాడు, కోసినచోట వైన్ పోశాడు, నేనూ పెదనాన్నా పట్టుకుని గుండ్రంగా తిప్పాం. విరిచాం. ఫాదర్ వెళ్లాక ఇంట్లో ముగ్గురమే. ఈసారి శుక్రవారం పడింది, ఉపవాసం కాబట్టి మాంసం లేదు. ముప్పై చేపలు వేయించి ఉన్నాయి.

పెదనాన్న దుప్పటి తెచ్చాడు. కుర్చీ మీద మడతపెట్టి ఉంది.

10:45

ఎవరూ లేరు. పెదనాన్న రెండుసార్లు వాచీ చూశాడు. వచ్చినవాళ్లకి గుమ్మంలో పెట్టే ఉడికించిన గోధుమల మీద నానమ్మ గుడ్డ కప్పింది, ఎండిపోకుండా.

11:40

గేటు దగ్గర నల్లకోటు. కుమ్ జివాన్. చంకలో పెద్ద సీసా. లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడి అరిచాడు. నన్ను స్లావాకి పిలిచిన మొనగాడెవడు, బయటికి రమ్మనండి అన్నాడు.

పెదనాన్న వెళ్లబోయాడు. నానమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

నేను వెళ్లాను. నేనే అన్నాను.

ఎందుకు పిలిచావు, అందరి ముందూ చెప్పు అన్నాడు. అందరూ అంటే రోడ్డు మీద కొట్టు ఆవిడా, ఆమె వెనక ఏడెనిమిదిమందీ ఉన్నారు. ఆయన ఏం చేస్తాడో చూడటానికి ఆగిపోయారు.

అద్దం ముందు చెప్పుకున్నదేదీ గుర్తు రాలేదు. తాతయ్య ఉన్నప్పుడు మీరు ఆయన్ని చూసి వచ్చేవాళ్లు అన్నాను. ఇప్పుడు ఆయన లేడు, నేనే ఉన్నాను, నన్ను చూసి వస్తారో రారో నాకెలా తెలుస్తుంది కుమ్, అందుకే అడిగాను అన్నాను. ఇంత పొడుగు మాట ఎప్పుడూ ఆడలేదు.

కుమ్ సీసా కింద పెట్టాడు. తర్వాత టోపీ తీశాడు. తల వంచాడు. స్లావా శుభం, ఇంటి యజమానీ అన్నాడు.

నాతో అన్నాడు. ఇంటి యజమానీ అని.

1:30

రాయడానికి టైం లేదు. పెర్సీద, మొగుడు, ఒక చిన్న పీపా. ఫాదర్ పైసియే తేనె వ్యాన్‌లో. గవ్రా కొత్త చొక్కా వేసుకొచ్చాడు. గుమ్మంలో ప్రతి ఒక్కళ్లూ ఒక స్పూను గోధుమలు తిని, స్లావా శుభం ఇంటి యజమానీ అంటున్నారు, నేను జవాబు చెబుతున్నాను. అందరికీ. పేరు పేరునా. నలభై దాటారు. కుర్చీలు చాలక కుమ్ దుప్పటి తీసి బెంచీ మీద పరిచి కూర్చున్నాడు. ఇది ఎవరిదో, మెత్తగా ఉంది అన్నాడు.

3:10

పెదనాన్న లేచి వైన్ జగ్గు అందుకున్నాడు. కుమ్ జివాన్ ఆయన భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. కూర్చో ల్యుబిషా, స్లావా రోజున ఇంటాయన ఒక్కడే నిలబడతాడు, మనం తిందాం అన్నాడు.

పెదనాన్న జగ్గు వైపు చూశాడు. నా వైపు చూశాడు. జగ్గు నా చేతికిచ్చాడు. తన గ్లాసు ముందుకి జరిపాడు.

5:00

ఇంకా నిలబడే ఉన్నాను. కాళ్లు విరిగిపోతున్నాయి.