ఫ్రేము మీద శ్రీ

శనివారం, తార్నాక

క్వార్టర్స్ వెనక షెడ్డులో చిన్నాయన సొంతంగా కట్టుకుంటున్న విమానానికి ఈరోజు ఇంకో ఫ్రేము తయారైంది. అల్యూమినియం రేకును వంచేముందు, ఎప్పటిలాగే, సరిగ్గా వంపు వచ్చేచోట సూదిమొనతో "శ్రీ" గీశాడు.

వంపు మీద గీత పడితే అక్కడే రేకు పగులుతుందని ప్లాన్ల పుస్తకంలో నిన్ననే చదివాను. చెప్పడానికి చాలాసేపు నోరు రాలేదు. కానీ అందులో కూర్చుని ఎగిరేది చిన్నాయనే కదా. చివరికి చెప్పేశాను.

"కాన్వెంటులో నేర్పిరా ఇది? శ్రీ రాస్తే విమానం ఇరుగుతాదంట!" అని చిన్నమ్మ నవ్వింది.

చిన్నాయన మాత్రం భూతద్దం తెచ్చి చూశాడు. రవత్తు తోక దగ్గర వెంట్రుకంత పగులు కనిపించింది.

"మంచి పని చేస్తివి పాపా," అన్నాడు. అప్పటికే బిగించేసిన ఫ్రేముల వైపు తిరిగాడు. తరువాత మెల్లగా, "రివెట్లు కొట్టేసినవాటి మీద కూడా రాసినానే..." అన్నాడు.

అవి ఊడదీస్తే ఏడాది పని పోతుంది.

చిన్నమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "అన్నీ పీకేయండి. దేవునికి నేను చెప్పుకుంటాలే," అంది.