ఎత్తులు ఎక్కొద్దన్నారు

ఇంటావిడకి,

ఇక్కడ అందరం, అంటే నేనూ నా దగ్గూ, కులాసా. నువ్వూ కులాసా అని రాసెయ్యడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

అడిగినవాటికి ముందు జవాబులు. కుళాయి కారుతూనే ఉంది. మాత్రలు వేసుకుంటున్నాను. పక్కింటావిడ నీ గురించి అడిగింది. ఆపరేషన్ బాగా జరిగిందనీ, లోపలి పొర అతుక్కునేదాకా కంట్లో గాలిబుడగ పెట్టారనీ చెప్పాను.

ఆ బుడగ గురించే ఈ ఉత్తరం. డాక్టరు ఎత్తులు ఎక్కొద్దన్నారనీ, అల్లుడు నీ మంచం మేడమీంచి కిందికి దింపించాడనీ రాయించావు. బాగుంది. అదే చేత్తో నిన్ను ఇక్కడికి పంపడానికి నెలాఖరుకి విమానం టికెట్టు కొన్నాడు. మెట్లయితే ఎత్తు, ఆకాశం కాదు కాబోలు.

ఫోన్ చేస్తే, కాలేజీలో గాలి పీడనం చెప్పి రిటైరైన నాకే పాఠం చెప్పాడు. "మామయ్యగారూ, తలుపు వేయగానే లోపల గాలి బిగించేస్తారు. దిగేదాకా నేలమీద ఉన్నట్టే. పాత పుస్తకాలు చదివి ఆవిణ్ణి బెదరగొట్టకండి."

అమ్మాయీ, అమ్మకి చదివిపెట్టేది నువ్వేగా, ఈ పేరా మీ ఆయన వింటుండగా గట్టిగా చదువు. గాలి ఒక్కసారే బిగించరు. విమానం పరుగందుకునే వేళ మొదలుపెట్టి, పైకి పోతున్నకొద్దీ ఇంజన్ల నుంచి గాలి లోపలికి తోస్తూ, అది బయటికి పోయే కవాటాన్ని కొద్దికొద్దిగా మూస్తారు. అయినా నేలమీది ఒత్తిడంతా ఉంచరు. ఉంచితే ఆ బిగువుకి విమానం ఒళ్లు ఊరికే అలిసిపోతుంది. లోపల కూర్చున్నవాళ్లు ఓ పెద్ద కొండ మీద కూర్చున్నట్టే లెక్క. మామూలు మనిషికి చెవులు దిబ్బడేస్తాయి, అంతే. కంట్లో బుడగ మాత్రం ఉబ్బుతుంది. ఉబ్బితే దానికి బయటికి దారి లేదు. చూపు పోవచ్చు. నమ్మకపోతే ఆ డాక్టర్నే అడగమను, ఎత్తంటే ఏమిటని.

ఎక్కనని నువ్వే చెప్పు. నేను చెబితే అతనికి పంతం.

ఇంకొకటుంది. టికెట్టు సంగతి చదవగానే నాకు భయం వెయ్యలేదు, సంతోషమేసింది. అమ్మాయి పెళ్లిపందిట్లో నన్ను చాదస్తం మాస్టారని నలుగురిచేతా నవ్వించిన మనిషి ఇన్నాళ్లకి దొరికాడనుకున్నాను. టీ కాచుకుని, అది చల్లారేదాకా అతన్ని ఏమేమనాలో మాటలు పేర్చుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఆ కన్ను నీదని.

అమ్మాయీ, ఇక్కడ గొంతు తగ్గించకు. ఇదీ అతను వినాలి.

ఆ ఇంటి గడప తొక్కనన్నాను. తొక్కుతాను. ఆదివారం రైలుకి వస్తున్నాను. బుడగ కరిగేదాకా అక్కడే ఉండి, నిన్ను రైల్లోనే తీసుకొస్తాను. స్టేషనుకి అతన్నే రమ్మను.

ఇట్లు,
మీ ఆయన,
అతనికి మామయ్య