హుషారు పాటకు ఏడ్చారు

శనివారం రాత్రి, ఆల్బనీ

పక్కింటి గ్రాహం అంకుల్ భార్య అంత్యక్రియల్లో ఈరోజు వయొలిన్ వాయించాను. ఆంటీకి ఇష్టమైన కంట్రీ పాట, అంటే అమెరికా పల్లె బాణీ పాట అది. సంతోషంగా వినిపించే జి మేజర్ స్కేల్‌లో, గుర్రం పరుగులాంటి తాళంతో సాగుతుంది. అలాంటి చోట అంత హుషారేమిటని సగం వేగంతో మొదలుపెట్టాను. స్వరాలు అవే, కానీ జోలపాటలా వినిపించింది.

అంకుల్ లేచి వచ్చి, "ఇది తన పాటలా లేదు. ఎప్పటిలాగే వాయించు" అన్నారు.

వేగం పెంచాను. అందరూ కాళ్లతో తాళం వేశారు. అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని అంకుల్, శవపేటిక మీద చెయ్యి వేసి భోరున ఏడ్చేశారు. నేను తప్పు చేశానా?

ఇంటికొచ్చి రెండు రకాలుగానూ వాయించి చూశాను. నెమ్మదిగా వాయిస్తే ఏమీ అనిపించలేదు. ఆంటీ ఇక లేరని నాకూ ఆ పరుగులోనే తెలిసొచ్చింది. ఎందుకో మాత్రం అర్థం కావట్లేదు.