మూడంగుళాల మెత్తదనం

సాతంరాయి,
2 మార్చి 1996

ప్రియమైన ఘియాసుద్దీన్,

నిన్న నువ్వు కాటేదాన్ నుంచి బస్సెక్కి వస్తే, నా గడప తొక్కొద్దన్నాను. కారణం కాగితం మీద పెడుతున్నాను. నోటితో చెబితే నవ్వించి దాటేస్తావు.

విమానంలో మామూలు సీటుకీ పై తరగతి సీటుకీ నడుమ కొత్త తరగతి వస్తోందని పేపర్లో చదివాను. సీట్లు బిగించకముందే మొదటి నెల టికెట్లు అయిపోయాయట! ఈ గిరాకీ నాకు పదకొండేళ్ళ కిందటే కనబడింది. బేగంపేట ఎయిర్‌పోర్టులో నేను నీచేత సీట్లు బాగుచేయించే రోజుల్లో, జనం మోకాళ్ళు రుద్దుకుంటూ దిగేవాళ్ళు. "పై తరగతి కొనలేం, ఈ ఇరుకులో కూర్చోలేం" అనేవాళ్ళు. రైళ్ళలో వెనకట రెండో తరగతికీ మూడో తరగతికీ నడుమ ఉండే ఇంటర్ క్లాసు చరిత్రంతా చదివి, సీటు బొమ్మ గీసి పైవాళ్ళకిచ్చాను. నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నా అసిస్టెంటు ఫణి. ఇవాళ వాడు కొత్త విమాన కంపెనీలో పెద్ద ఆఫీసరు. వాడి సీట్లు కుట్టేది నీ కార్ఖానా.

వాడు నీకిచ్చింది నా బొమ్మేనా? నిజం రాయి.

నీ
నరసింహమూర్తి

*

కాటేదాన్,
6 మార్చి

మూర్తి సాబ్‌కు ఘియాసుద్దీన్ సలాం.

మీదే సాబ్. మీ పేరున్న మూల కత్తిరించి ఫణి సాబ్ తన పేరు రాసుకున్నడు. మీ చేతిరాత నేను గుర్తుపట్టనా? మీదని తెలిసే, గీత దాటకుండ కుట్టిస్తున్న.

జర ఓపిక పట్టుండ్రి. ఇరవై తారీకున విమాన కంపెనీ ఓనరు వచ్చి చూస్తడు. ఆయన సరే అంటే మా పద్దెనిమిది మందికి రెండేండ్ల పని. ఇప్పుడు లొల్లి అయితే కార్ఖానా మూతపడ్తది.

మూర్తి భాయి ఎందుకొస్తలేడని మా ఇంటామె సుఘ్రా అడుగుతున్నది. ఏం చెప్పాలె?

మీ కోపం తగ్గాలని దువా చేసే
ఘియాసుద్దీన్

*

సాతంరాయి,
9 మార్చి

ఘియాసుద్దీన్‌కి,

ఓపికా? నేను రిటైరైన రోజు ఫణి నా మెడలో దండ వేసి, "మూర్తిగారూ, దండ మరీ పొడుగా, మరీ పొట్టా? మీకు మధ్యరకం కావాలి కదా" అన్నాడు. హాలంతా నవ్వింది. నువ్వూ అక్కడే ఉన్నావు.

ఓనరుకి ఉత్తరం రాసి కవరు అంటించాను. ఆయన వచ్చి వెళ్ళాక, ఇరవై రెండున పోస్టు చేస్తాను. నీ మనుషుల మీద నాకు కోపం లేదు. కానీ ఆ బొమ్మ మీద నా పేరుండాలి.

నరసింహమూర్తి

*

కాటేదాన్,
20 మార్చి

మూర్తి సాబ్‌కు సలాం.

మీ దిక్కు వచ్చే ఆటో అతని చేతికి ఇది ఇస్తున్న. పొద్దున ఓనరు వచ్చిండు. మంచి పొడుగు మనిషి. రెండో వరుసల కూసున్నడు. మోకాళ్ళు ముందు సీటుకు తగిలినయ్.

"ఇదేనా విశాలం? కాళ్ళు నెత్తిన పెట్టుకోనా?" అన్నడు.

"కుట్టినవాణ్ణి అడగండి సార్" అని ఫణి సాబ్ నన్ను చూపెట్టిండు.

నేనే స్పాంజి ఎక్కువ పెట్టిన అని చెప్పిన. ఆర్డరు వాపస్. సీట్లన్నీ వాకిట్ల పడున్నయ్.

ఇగ మీ ఉత్తరం పంపకుండ్రి. ఏం ఫాయిదా లేదు.

ఘియాసుద్దీన్

*

సాతంరాయి,
21 మార్చి

ప్రియమైన ఘియాసుద్దీన్,

నువ్వు జీవితంలో స్పాంజి ఎక్కువ పెట్టినవాడివి కాదు. రాత్రి ట్రంకుపెట్టె దింపి నా దగ్గరున్న బొమ్మ నకలు తీశాను. వీపు దగ్గర స్పాంజి మూడంగుళాలు ఎక్కువ, నా చేత్తో, ఎర్రసిరాతో. కూర్చున్నవాడి వీపు గురించి ఆలోచించాను. వెనకవాడి మోకాళ్ళు మరిచాను. ఇరుకు పోగొట్టడానికి బొమ్మ గీసి, ఆ ఇరుకు నేనే కుట్టించాను. ఫణి దాన్ని తప్పుతో సహా దొంగిలించాడు. కొలిచి చూసే తెలివి వాడికి అప్పుడూ లేదు.

నువ్వు కొలిచే ఉంటావు. నా గీత అని ఊరుకున్నావు.

అంటించిన కవరు చించేశాను. ఓనరుకి వేరే ఉత్తరం రాసి పొద్దున్నే రిజిస్టరు పోస్టు చేశాను. బొమ్మ నాది, తప్పు నాది, కుట్టినవాడిది కాదు. వారం గడువిస్తే స్పాంజి తీసి పలచటి వీపు కుట్టి చూపిస్తాం అని. నకలు జతచేసి, కింద నా పేరు పూర్తిగా రాశాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు.

ఇది నీ ఆటో అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. రేపు పొద్దున వస్తున్నాను. రెండు సీట్లు ఒకదాని వెనక ఒకటి వేయించు. వెనక సీట్లో నేను కూర్చుంటాను. నా గడప తొక్కొద్దని నేనన్నాను గానీ, నీ గడప తొక్కొద్దని నువ్వు అనలేదు కదా.

సుఘ్రాకి చెప్పు, వస్తున్నానని.

నీ
నరసింహమూర్తి